ఒంటి రంగు డబ్బా

పట్నంలో మొట్టమొదటి నల్ల ఫ్యాషన్ బొమ్మను కాపాడిన మొనగాణ్ణి నేనే. కాపాడటమంటే, ముందు చెడగొట్టి.

మా గురువు మబ్రూకా ఆపాది హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ బస్తీ. ఆమె ముత్తాత ఆ బస్తీకి పేరిచ్చిన నిజాం గుర్రపు దళంలో కొలువు కోసం ఆఫ్రికా నుంచి సముద్రం దాటి వచ్చినవాడు. ఆ నలుపూ, ఆ రింగుల జుట్టూ ఆమెకు ఆయన ఇచ్చిపోయినవే. ఏళ్ల తరబడి బొమ్మల కంపెనీలో తెల్లబొమ్మలకు గౌన్లు కుట్టికుట్టి, చివరికి తనలాంటి బొమ్మకు తానే రూపు కట్టింది. చిక్కటి నలుపు, నెత్తిన గుబురుగా జుట్టు, నిమ్మపండు రంగు పట్టులంగా. కంపెనీ యజమాని సేటు ఒప్పుకుంటే అది అచ్చుకు వెళుతుంది, లేకపోతే అటకెక్కుతుంది. ఆయన అప్పటికే ఫోన్ చేసి చెప్పాడు: "బొమ్మ మంచిగుందమ్మా, జర రంగు తగ్గించుండ్రి."

ఏదైనా అడిగితే ఆపా జవాబు చెప్పదు, పని చెబుతుంది. సేటు వచ్చే రోజు నేనూ ఉండబట్టలేక అడిగాను.

"ఆపా, పోనీ చామనచాయ చేస్తే ఏం పోతది? బొమ్మన్నా బతుకుతది గదా!"

"బొమ్మ మోచేతి కాడ గీత పడ్డది చూడు ఓదెలూ. జర ఒంటి రంగు పుయ్యి."

మా అలమరలో 'ఒంటి రంగు' అని రాసి ఉన్న డబ్బా ఒక్కటే. అలవాటుపడ్డ చెయ్యి నేరుగా దాని మీదికే పోయింది. బయట సేటు కారు హారన్. హడావిడిగా ఒక్క గీటు గీశాను. చూస్తే నల్లని మోచేతి మీద గులాబీ మచ్చ! తుడవబోతే ఇంకా పెద్దదైంది.

సేటు బొమ్మను చేతిలోకి తీసుకున్నాడు. "అరెరే, పోరికి ఏమైందమ్మా? కాలిందా?"

నేను కుంచెను వీపు వెనక దాచాను. ఆపా మాత్రం తాపీగా అంది: "లేదు సేటూ, ఒంటి రంగు. డబ్బా మీద అట్లనే రాసుంది. మిగతా ఒళ్లంతా పూయమంటరా?"

సేటు మచ్చను చూశాడు. బొమ్మను పట్టుకున్న తన చేతిని చూసుకున్నాడు. ఆ చెయ్యి కూడా మా చేతుల్లాగే నలుపు బాపతే.

"ఎవరి ఒంటిదమ్మా గీ రంగు?" అంటూ పొట్ట పట్టుకుని నవ్వాడు. "తుడువుండ్రి తల్లీ. పోరి ఎట్లున్నదో అట్లనే అచ్చుకు పంపుండ్రి."

అప్పుడు నేను వదిలిన ఊపిరికి ఆయన చేతిలోని బొమ్మ రింగుల జుట్టు కదిలింది.

ఆయన వెళ్లగానే ఆపా డబ్బా నా ముందు పెట్టి, "పేరు మార్చు" అంది. ఎవరి రంగో తెలియాలి కదా! రంగు అంటి ఎండిన మూత పట్టుకుని వర్క్‌షాపంతా తిరిగాను. చేతులకు ఆనించాను, మెడలకు ఆనించాను. బుగ్గ చూపించమన్నందుకు టైలరు అనసూయక్క కత్తెర పట్టుకుని తరిమింది. సరిపోయే చోటు చివరికి నా దగ్గరే దొరికింది. ఇప్పుడా డబ్బా మీద 'అరికాలి రంగు' అని ఉంటుంది, నా దస్తూరీయే.

ఇక దాచి లాభం లేదు. ఒంటికాలి మీద నిలబడి, మూత పక్కన పాదం పెట్టి ఆపాకు చూపిస్తున్నప్పుడు, నా చొక్కా జేబులోంచి ముఖం తెల్లబడే క్రీమ్ ట్యూబు జారి ఆమె ముందే పడింది. సగం పైగా పిండేసిన ట్యూబు. ఆపా దాన్ని తీసి చదివింది. నా ముఖం చూసింది, పాదం చూసింది, మళ్లీ నా చేతిలోనే పెట్టింది.

"కాళ్లకు రాస్కో ఓదెలూ. మడమలు పగిలినయి."