మిరియాలంత ముత్యాలు

సముద్రాన్ని ఆనుకుని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్నేలే గజవర్మకు చిన్నదేదీ కంటికి ఆనేది కాదు. రత్నపరీక్షలో తనంతటివాడు లేడని తనకు తానే పేరు పెట్టుకున్నాడు.

ఒక ఏడు రాణికి ఉసిరికాయలంత నల్లముత్యాల హారం చేయించాలని ఆయనకు బుద్ధి పుట్టింది. అంతటి ముత్యాలు నడిసముద్రం అడుగునే దొరుకుతాయి. వాటికోసం మునిగినవాళ్లలో నలుగురు మళ్లీ తేలలేదు.

ఆ రేవులోనే కొర్లయ్య, నూకాలు అనే ఆలుమగలు మోకాటిలోతు ఉప్పుటేట్లో ముత్యపుచిప్పలు పెంచేవారు. చిప్పను కాస్త తెరిచి, లోపల గవ్వముక్క ఉంచి రెండేళ్లు కాచుకుంటే, దాని చుట్టూ నల్లముత్యం కట్టేది. మిరియపుగింజంతే ఉండేది. ఎండలో తిప్పితే నెమలి మెడలా మెరిసేది.

కొర్లయ్య గుప్పెడు ముత్యాలు మూటగట్టి కొలువుకు తెచ్చాడు.

"దొరా, వీటికోసం ఎవరూ మునగక్కర్లేదు."

రాజు సింహాసనం మీంచే తొంగిచూశాడు. "మిరియాలు వంటశాలలో ఇచ్చిపో. రేపు నువ్వూ పడవెక్కు."

కొర్లయ్య ఆ మూటను నూకాలు చేతికిచ్చి, మర్నాడు పడవెక్కాడు. తాడు లాగితే చిప్పల బుట్ట వచ్చింది. అందులో రాణి హారానికి కావలసిన చివరి పెద్ద నల్లముత్యం దొరికింది. కొర్లయ్య మాత్రం రాలేదు.

కొలువులో విస్సన్న అనే చమత్కారి ఉండేవాడు. రాజును నవ్వించడమే అతని ఉద్యోగం. పదోరోజు కర్మ ముగిశాక అతడు నూకాలు గుడిసెకు వెళ్లి, గడపలో కూర్చున్నాడు. లేచేముందు రెండు వస్తువులు అడిగి తీసుకున్నాడు.

మర్నాడు రాజు ముందు రెండు నల్లదండలు పెట్టాడు.

"మహారాజా, వీటిలో ఏది మేలైనదో నాకు తేలడం లేదు."

రాజు ఒకదాన్ని పక్కకు నెట్టేశాడు. "గాజుపూసలు. సంతలో దొరుకుతాయి." రెండోదాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి చాలాసేపు చూశాడు. "ఇవి ముత్యాలు. ఎంత సన్నం, ఎంత ఒద్దిక! మన హారంలోవాటికి ఈ నిగారింపు లేదు. ఏ ద్వీపానివి?"

"మీరు వంటశాలలో ఇచ్చిపొమ్మన్న మిరియాలే మహారాజా."

రాజు ఒక్క క్షణం తెల్లబోయి, ఆపైన పగలబడి నవ్వాడు. "నన్నే బోల్తా కొట్టించావు. ఏం కావాలో కోరుకో."

"ఆ గాజుపూసల్ని కూడా ఒకసారి చేతిలోకి తీసుకోండి. అంతకుమించి ఏమీ వద్దు."

రాజు తీసుకున్నాడు. "ఎవరివి ఇవి?"

"ఆ ముత్యాలు పెంచిన నూకాలువి. ఆమె నల్లపూసలు. నిన్ననే మెడలోంచి తీశారు."

రాజు ముఖంలో నవ్వు చచ్చిపోయింది. పక్కనున్న రాణి మెడలోని పెద్ద హారం విప్పి పళ్లెంలో పెట్టింది.

ఇకమీదట ముత్యాలకోసం ఎవరూ మునగకూడదని ఆ పూటే చాటింపు వేయించారు. పోయినవాళ్ల ఇళ్లకు ధాన్యం, నూకాలుకు ఉప్పుటేరు రాసిచ్చారు. విస్సన్న వేలికి రాజు తన ఉంగరం తొడిగాడు. అతడు ఆ రోజు ఒక్క చమత్కారమూ ఆడలేదు.

తర్వాత రాజు చిన్నముత్యాల దండ పట్టుకుని తానే రేవుకు వెళ్లాడు. నూకాలు నీళ్లలో వంగి చిప్పలు తిరగేస్తోంది.

"ఇది నువ్వే ఉంచుకో తల్లీ."

ఆమె చేయి చాపలేదు. "నలుపు వేసుకునే మెడ కాదు దొరా, ఇప్పుడు నాది. రాణమ్మకే ఇవ్వండి. చిన్నవి కదా, బరువుండవు."