‘పోనీలెండి’ అన్న పాపానికి

అనగనగనగా, బండ్లు ఎక్కువై చోటు తక్కువైన ఒక పట్నం ఉండేది. దాని పేరు పసుపుకోట. పసుపు పంట చేతికొచ్చే రోజుల్లో నాలుగు దిక్కుల నుంచీ బండ్లు ఆ ఊరి సంతకు చేరేవి. సంత పక్కనే బండ్లు నిలుపుకునే దొడ్డి ఉండేది. అక్కడ నేల మీద సున్నపు గీతలు గీసి, ఏ బండి ఎక్కడ నిలవాలో చూపించేవారు.

ఆ పట్నంలో సిద్ధమ్మ అనే ఆమె ఉండేది. ఆమెకున్న ఆస్తి ఒక బండి, రెండెద్దులు. ఒకదాని పేరు కాటుక, ఇంకొకదాని పేరు బూడిద. రైతుల పసుపు బస్తాలు సంతకు తోలి, వచ్చిన కిరాయితో తనూ తిని, ఎద్దులకూ పెట్టేది.

ఆ కాలంలో ఎద్దులు మాట్లాడేవి పిల్లలూ. మనం చేసే పనులు చూసి చూసి తర్వాత మానేశాయి. బూడిద నెమ్మదస్తుడు. కాటుకకు ముక్కుమీద కోపం. ఈ కథ చెబుతున్న నాకూ అంతే, ముందే చెప్పేస్తున్నాను.

పసుపుకోటలో బీమా సంఘం అని ఒకటి ఉండేది. బండి ఉన్న ప్రతివారూ ఏటా ఒక బుట్టెడు పసుపు కొమ్ములు సంఘానికి ఇవ్వాలి. ఎవరి బండికైనా దెబ్బ తగిలితే సంఘం దాన్ని బాగు చేయించాలి. ఒకటే షరతు, తప్పు ఆ బండివారిది కాకూడదు.

సిద్ధమ్మ బండి కొన్న నాటి నుంచీ ఏ ఏడూ బుట్ట ఎగ్గొట్టలేదు. వానలు లేక కిరాయిలు దొరకని ఏడు తన కూరలో పసుపు మానుకుని మరీ బుట్ట నింపింది. సంఘానికి పెద్ద భద్రలింగం. ఆయన నోటి నుంచి కటువైన మాట ఒక్కటి ఎవరూ విని ఎరగరు.

ఒక సంతనాడు సిద్ధమ్మ తన బండిని గీతల మధ్య నిలిపింది. కాడి దించి, ఎద్దులను విప్పి, గడ్డి వేసి పక్కన కట్టేసింది. అప్పుడు వరదయ్య అనే ధాన్యం వర్తకుడు తన జోడుగుర్రాల బండిని వెనక్కి తోలాడు. ఆయన ముసలివాడు. కొడుకులు తోలతామంటే వినడు. వెనక ఏముందో చూసుకోకుండా గుర్రాలను వెనక్కి నడిపించాడు.

ఫెళ్లుమని చప్పుడైంది. సిద్ధమ్మ బండి చక్రం విరిగి ఒక పక్కకు ఒరిగింది. ఇరుసు వంగిపోయింది. గుర్రాల బండికి మాత్రం కాస్త రంగు ఊడింది, అంతే.

వరదయ్య కిందికి దిగాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి. మొహం పాలిపోయింది. ఎక్కడ పడిపోతాడోనని సిద్ధమ్మకు భయం వేసింది. విరిగిన తన చక్రం వైపు కూడా చూడకుండా, ఆయన్ను చెయ్యి పట్టుకుని నీడలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చింది.

"పోనీలెండి బాబుగారూ, కంగారుపడకండి. మా బండే కాస్త అడ్డంగా ఉందేమో. నాదే పొరపాటు అనుకోండి" అంది.

మనలో ఎవరైనా ఆ మాటే అంటాం. మన ఇళ్లలో మనకు నేర్పింది అదే. దానిలో తప్పు ఉందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

ఆ దొడ్డిలో గురవడు అనే సంఘం కాపలావాడు ఉండేవాడు. అక్కడ ఎవరేం మాట్లాడినా విని పెద్దకు చెప్పడమే అతని ఉద్యోగం. ఆ మాట విన్నాడు, వెళ్లి చెప్పాడు.

మర్నాడు సిద్ధమ్మ భద్రలింగం ఇంటికి వెళ్లింది. సంఘం పనులన్నీ ఆయన ఇంటి వరండాలోనే జరిగేవి. ఆయన ఎదురొచ్చి పీట వేయించాడు.

"రా తల్లీ, కూర్చో. ఇది నీ ఇల్లే అనుకో" అన్నాడు. చల్లటి మజ్జిగ తెప్పించాడు. ఆమె తాగేదాకా ఆగి, "చక్రం సంగతేగా? అది సంఘం బాగు చేయించదమ్మా. తప్పు నాదేనని నువ్వే ఒప్పుకున్నావట" అన్నాడు.

"ముసలాయన వణికిపోతుంటే ఊరడింపుగా అన్నానండీ."

"అన్నావా, లేదా?"

"అన్నాను."

"అంతే మరి" అన్నాడు భద్రలింగం చిరునవ్వుతో.

కసురుకునేవాడితో పోట్లాడొచ్చు పిల్లలూ. మజ్జిగ ఇచ్చి కాదనేవాడితో ఎలా పోట్లాడాలి? సిద్ధమ్మ గ్లాసు కడిగి బోర్లించి మరీ వచ్చేసింది.

"గ్లాసు కూడా కడిగావా?" అని కాటుక మండిపడ్డాడు.

రెండోసారి ఆమె గట్టిగా ఆలోచించుకుని వెళ్లింది. "అయ్యగారూ, నా ఎద్దులు విప్పి ఉన్నాయి. కాడి నేల మీద ఉంది. బండి గీతల లోపలే ఉంది. మీరే వచ్చి చూడండి. కదలని బండి వెళ్లి కదిలే బండిని ఎలా గుద్దుతుందండీ?" అని అడిగింది.

భద్రలింగం శ్రద్ధగా విన్నాడు. తల కూడా ఊపాడు. "నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం తల్లీ. కానీ నీ నోటితో నువ్వు ఒప్పుకున్నాక, గీతలతో నాకేం పని? నన్ను నీ సొంత అన్నయ్య అనుకో. అన్నగా చెబుతున్నాను, ఇంతటితో వదిలెయ్" అన్నాడు.

చూశారా ఆ మాట? నిజమని తెలుసు. తెలిసే కాదన్నాడు. పైగా అన్నయ్యట.

సిద్ధమ్మ అక్కడి నుంచి వరదయ్య దగ్గరకు వెళ్లింది. ఒక్క మాట సాక్ష్యం చెప్పమని అడిగింది. నీడలో కూర్చుని ఆమె చేతి నీళ్లు తాగిన పెద్దమనిషి ఏమన్నాడో తెలుసా? "ఆ గొడవ అయిపోయింది కదమ్మా. నువ్వే పోనీలెండి అన్నావు. మళ్లీ నన్ను లాగడం దేనికి?" అన్నాడు. తలుపు కూడా పూర్తిగా తీయలేదు. నాకైతే ఆ నీళ్లు తిరిగి కక్కించాలనిపిస్తుంది.

పసుపు బస్తాల తోలకాలు మొదలయ్యాయి. ఊళ్లో బండ్లన్నీ తిరుగుతున్నాయి, సిద్ధమ్మ బండి తప్ప. కొత్త చక్రం, ఇరుసు చేయించుకునే శక్తి ఆమెకు లేదు. ఇంట్లో గడ్డి అడుగంటింది. ఈ కాలం దాటిపోతే ఏడాదంతా తిండికి మార్గం ఉండదు. పశువుల బేరగాడు ఒకడు వచ్చి కాటుక పళ్లు చూసి, బూడిద నడుం తట్టి, ఆదివారం పశువుల సంతకు తోలుకురమ్మని చెప్పి పోయాడు.

బూడిద ఆ రోజు గడ్డి ముట్టలేదు.

మూడోసారి సిద్ధమ్మ భద్రలింగం ఇంటికి ఏడుపు దిగమింగుకుని వెళ్లింది. "నాకు న్యాయం వద్దులెండి. ఈ తోలకాలయ్యేదాకా ఒక పాత చక్రం అరువివ్వండి. లేకపోతే నా ఎద్దులను అమ్ముకోవాలి" అంది.

"అయ్యో పాపం" అన్నాడు భద్రలింగం. ఆయన కళ్లలో నీళ్లు కూడా కనిపించాయి. "పద్ధతి ఒప్పుకోదు తల్లీ. కానీ నీకు ఎప్పుడు ఏం కావాలన్నా మొహమాటపడకుండా అడుగు. నేను కాదనను" అంటూ గుమ్మందాకా సాగనంపి, తలుపు వేసుకున్నాడు. దొడ్డి కబుర్లు చెప్పడానికి వచ్చి తలుపు పక్కన నిలబడే గురవడు మూడుసార్లూ మూడు మాటలూ విన్నాడు. వినడం అతనికి అలవాటు కదా.

ఆదివారం వచ్చింది. సిద్ధమ్మ ఎద్దుల కొమ్ములకు నూనె రాసింది. పగ్గాలు చేత్తో పట్టుకుని పశువుల సంత దారి పట్టింది. కాటుక దారంతా సణుగుతూనే ఉన్నాడు.

"అమ్మా, నన్ను అమ్ముతున్నందుకు నాకు కోపం లేదు. నువ్వు మర్యాదగా మాట్లాడావు, నీ బండి పోయింది. ఆ భద్రలింగం నీకంటే మర్యాదగా మాట్లాడాడు. ఆయనది మాత్రం ఏమీ పోలేదు. నాకు అదే మండుతోంది" అన్నాడు.

సిద్ధమ్మ టక్కున ఆగింది. వెనక్కి తిరిగి కాటుక మొహంలోకి చూసింది.

"ఆయన నాతో ఏమేం అన్నాడురా?" అని అడిగింది.

అడిగింది కానీ జవాబు కోసం ఆగలేదు. ఎద్దులను పక్క వీధిలోకి మళ్లించింది.

కాసేపటికి భద్రలింగం వరండా స్తంభాలకు రెండెద్దులు కట్టేసి ఉన్నాయి. ఆయన పూలతొట్లలో ఒకదానిలోని మొక్కను కాటుక అప్పుడే సగం నమిలాడు. సిద్ధమ్మ నట్టింట్లోకి నడిచి, పొయ్యి వెలిగించి, ఎసరు పెట్టింది. భద్రలింగం భార్య పరుగున వచ్చి, "ఎవరమ్మా నువ్వు?" అని అడిగింది.

"మీ ఆడపడుచుని వదినా. అన్నయ్య చెప్పలేదా?" అంది సిద్ధమ్మ.

భద్రలింగం వచ్చి చూసి బిత్తరపోయాడు. బతిమాలాడు, బెదిరించాడు. ఆమె కదల్లేదు. ఇక లాభం లేదని తనే రాజుగారి కొలువుకు పోయి ఫిర్యాదు చేశాడు. భటులు వచ్చి సిద్ధమ్మను, ఆమె ఎద్దులను, సాక్ష్యానికని గురవడిని కొలువుకు తీసుకుపోయారు. ఊరంతా వెనకే వెళ్లింది.

ఆ రాజు చెడ్డవాడేమీ కాదు. కానీ ఏటా దసరాకు భద్రలింగం పెట్టే విందు తింటాడు. అందుకని మొదటే సిద్ధమ్మ వైపు చిరాగ్గా చూశాడు.

"పరాయివాళ్ల ఇంట్లో పొయ్యి వెలిగించావట?"

"పరాయిది కాదు ప్రభూ, నా ఇల్లే. ఇది నీ ఇల్లే అన్నారు ఆయన. నన్ను అన్నయ్య అనుకో అన్నారు. ఏం కావాలన్నా అడుగు, కాదనను అన్నారు. నాకు ఆ ఇల్లు కావాలి. ఆ గురవయ్యను అడగండి, ఆయన విన్నమాట ఉన్నదున్నట్టు చెబుతాడని సంఘమే నమ్ముతుంది."

గురవడు ఒకసారి భద్రలింగం మొహం, ఒకసారి రాజు మొహం చూశాడు. "మూడు మాటలూ అన్నారు ప్రభూ. నేను విన్నాను" అన్నాడు.

భద్రలింగం గొంతు మొదటిసారి లేచింది. "అవన్నీ మర్యాదకు అనే మాటలు ప్రభూ. ఇంటికొచ్చిన వాళ్లతో ఎవరైనా అంటారు. అంత మాత్రానికే ఇల్లు రాసిచ్చినట్టా?" అన్నాడు.

"ఇంకొక్కసారి చెప్పండి అన్నయ్యా. వెనక ఉన్నవాళ్లకు వినపడలేదు" అంది సిద్ధమ్మ.

"మర్యాద మాట ఒప్పుకోలు కాదు అంటున్నాను" అని అరిచాడు భద్రలింగం.

అన్నాక కానీ, తను ఏమన్నాడో ఆయనకు తెలియలేదు.

సిద్ధమ్మ ముందుకు వచ్చింది. "నేను దొడ్డిలో అన్నదీ మర్యాద మాటే ప్రభూ. పెద్దాయన భయపడుతుంటే చూడలేక అన్నాను. ఆ ఒక్క మాట పట్టుకుని నా బండి మూలన పడేయించారు, నా ఎద్దులను సంతకు తోలించారు. మర్యాద మాట లెక్కకు వస్తే ఆ ఇల్లు నాది. రాకపోతే నా చక్రం నాకు రావాలి. ఏది కావాలో ఆయన్నే తేల్చుకోమనండి. రెండూ ఆయనకే అంటే మాత్రం నేను ఊరుకోను."

కొలువులో వెనక నుంచి ఒక కుండల బండి అతను లేచి, "నన్నూ ఇలాగే తిప్పి పంపారు. ‘ఫర్వాలేదులే’ అన్నానని" అన్నాడు. గాజుల బండి ముసలమ్మ లేచింది. ఇంకెవరో లేచారు. రాజు వాళ్లందరినీ చూసి, తిన్న విందులు గుర్తొచ్చి, తల దించుకున్నాడు.

భద్రలింగం చక్రమే ఇస్తానన్నాడు. ఇల్లు పోగొట్టుకోవడం ఎవరికి ఇష్టం?

ఆ పొద్దు గుంకేలోగా కొత్త చక్రం, కొత్త ఇరుసు సిద్ధమ్మ బండికి చేరాలని రాజు తీర్పు చెప్పాడు. మర్యాద మాటను సాకుగా చూపి తిప్పి పంపిన ప్రతివారి బండినీ సంఘం బాగు చేయించాలన్నాడు. భద్రలింగాన్ని సంఘం పెద్దరికం నుంచి దింపేశాడు. తర్వాత వరదయ్యను పిలిపించాడు.

వరదయ్య వచ్చి సిద్ధమ్మ ఎదుట నిలబడ్డాడు. ఇప్పుడూ చేతులు వణుకుతున్నాయి. "తప్పు నాదేనమ్మా. చూసుకోకుండా తోలాను. ఆ రోజే చెప్పాల్సింది" అన్నాడు.

పాపం, అలవాటు ఎక్కడికి పోతుంది? సిద్ధమ్మ పెదవుల దాకా వచ్చేసింది ‘పోనీలెండి’ అనే మాట. కొలువు గుమ్మంలో నిలబడ్డ కాటుక కొమ్ములు విదిలించాడు. ఆమె ఆగింది. కూజాలోంచి నీళ్లు వంచి ముసలాయన చేతికిచ్చింది. ఆయన తాగేదాకా చూసింది.

"అవునండీ" అంది. "తప్పు మీదే."

కాబట్టి పిల్లలూ, భయపడినవారిని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టండి, నీళ్లివ్వండి, ధైర్యం చెప్పండి. కానీ చేయని తప్పును మర్యాద కోసమైనా మీదని మాత్రం అనకండి.