బొల్లిగాడి వీపు మీద సరిగమలు

తొలకరి మబ్బులు కొండ మీదికి దిగుతున్నాయి. రేపో మాపో పొగమంచు కమ్మేస్తుంది. ఆ మంచులోనే మంద కొండపై మేతకు కదలాలి. మంచులో ముందున్నవాడి తోక కూడా కనబడదు గనక, దూడలన్నీ పాట పాడుతూ ఒకదాని వెంట ఒకటి నడవాలని ఆ మంద కట్టుబాటు. పాట రాని దూడ దొడ్లోనే ఉండిపోవాలి. ఒంటరి దూడ గతి ఏమవుతుందో నక్కలకు బాగా తెలుసు.

పాట నేర్పేది గోరింక పంతులమ్మ. అన్ని దూడలకూ వచ్చేసింది, గేదెదూడ బొల్లిగాడికి తప్ప. వాడు 'రి' దగ్గరికి వచ్చేసరికి 'స' జారిపోయేది. పైగా నిలబడమంటే నిలబడడు. తోక ఊపుతాడు, గిట్టలతో నేల తవ్వుతాడు.

"కదలకుండా వినరా!"

"వింటూనే ఉన్నా పంతులమ్మా. చెవిలో పడుతోంది, నిలవడంలేదు," అని వాడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

తుప్పల్లోంచి నక్క తల బయటపెట్టింది. రోజూ పాఠం దగ్గర చేరడం దానికి అలవాటు. సంగీతమంటే ప్రాణమట!

"దున్నపోతు మీద వాన కురిసినట్టే కదమ్మా! ఎందుకీ తంటా? వాణ్ణి దొడ్లో వదిలెయ్."

"నీకెందుకంత తొందర బావా?"

"నాకేముంది? నీ గొంతు అరిగిపోతోందని నా బాధ."

గొర్రె తడిసిందని తోడేలు ఏడ్చిందట!

ఆ రోజు గోరింకకు గింజ సహించలేదు. ఈ కొమ్మ మీంచి ఆ కొమ్మకు ఎగిరింది, ఎక్కడా కుదురుగా కూర్చోలేకపోయింది. మబ్బు ఇంకాస్త కిందికి దిగింది. నేను నేర్చుకున్న దారినే వీడూ నేర్చుకోవాలని ఎందుకు పట్టుబడుతున్నాను, అని తన మీద తనకే కోపం వచ్చింది. తోచక బొల్లిగాడి వీపు మీద వాలి, రోజూలాగే పిడుదులు ఏరసాగింది. ముక్కు తగిలినప్పుడల్లా వాడు ఒక అడుగు వేస్తున్నాడు.

"ఒరేయ్, ఇందాకట్నుంచి ఎక్కడెక్కడ పొడిచానో చెప్పు?"

"మొదట మెడ మీద, తర్వాత మూపు, నడుం, ఆఖరికి తోక మొదట్లో." తడుముకోలేదు!

గోరింక ఎగిరి వాడి నెత్తిన వాలింది. "అయితే విను నాన్నా. మెడ 'స', మూపు 'రి', నడుం 'గ', తోక మొదలు 'మ'. నేను పొడవగానే అడుగు వెయ్యి, అడుగుతోపాటే పాడు."

మబ్బు దొడ్డి కప్పుని తాకేలోగా వాడికి పాట పట్టుబడింది. అడుగుతో కలిసి వచ్చింది, అడుగు లేకపోతే రాదు.

"గంతులేస్తూ పాడతాడంట!" అని మిగతా దూడలు విరగబడి నవ్వాయి. నక్క మాత్రం నవ్వలేదు. మంద పెద్ద అయిన ముసలి ఎద్దు దగ్గరికి పరిగెత్తింది.

"అందరికీ ఒకటే న్యాయం ఉండాలి తాతా! వాడు కూడా కదలకుండానే పాడాలి."

"కదలకుండా పాడితే మంద ఎక్కడికి పోతుందిరా?" అంది ఎద్దు, నెమరువేస్తూ.

తెల్లారేసరికి మంచు కమ్మేసింది. ఎద్దు పాట ఎత్తుకుని ముందు నడిచింది, వెనక దూడలు, అందరికన్నా వెనక గోరింకను మోస్తూ బొల్లిగాడు. సగం దారిలో ఎద్దు గొంతు గాలికి ఎటో కొట్టుకుపోయింది. సరిగ్గా అప్పుడే లోయ వైపు నుంచి అదే పాట వినబడింది. ఒక్క స్వరం తప్పలేదు. దూడలన్నీ చెవులు రిక్కించి అటు తిరిగాయి.

బొల్లిగాడు ఆగిపోయాడు. "పంతులమ్మా, ఆ పాటలో అడుగులేవీ?"

గోరింక చెవి ఒగ్గి వింది. నిజమే, గిట్టల చప్పుడు లేదు.

"ఎవరక్కడ?" అని అరిచాడు బొల్లిగాడు. దూడలు ఉలిక్కిపడి నిలబడ్డాయి.

"మీ తాతనేరా! ఇంత చక్కగా పాడుతున్నాగా, రండి!"

"పాట బాగానే ఉంది తాతా. అడుగు వేస్తూ పాడు, అప్పుడొస్తాం."

నక్క అడుగు వేసింది. మెత్తటి పాదం, చప్పుడెక్కడిది? ఇంకాస్త గట్టిగా వేసింది. ఈసారి ఎగిరి మరీ తొక్కింది. వానకు నానిన లోయ అంచు దాని కాళ్లకింద ఊడిపోయింది. తర్వాత వినబడింది పాట కాదు, లోయ అడుగునుంచి నక్క ఊళ.

పైనెక్కడో వినబడుతున్న ఎద్దు గిట్టల చప్పుడు పట్టుకుని బొల్లిగాడు ముందుకొచ్చి, నేలను దబదబా తొక్కుతూ పాట అందుకున్నాడు. నిన్న నవ్విన దూడలన్నీ నోరు మూసుకుని ఆ అడుగుల వెనకే కొండెక్కాయి.

ఎవరికి ఏ దారిన చదువొస్తుందో ఆ దారినే చెప్పాలి. ఆ దారిని చూసి నవ్వినవాళ్లే రేపు దాని వెంట నడవాల్సి వస్తుంది.