ముగ్గు గోడలు

సోమయాజులు మాస్టారు ఏ విద్యార్థి ప్లాను చూసినా బాగుందనరు, బాగాలేదనరు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "లోపలికి ఎటునుంచి వెళ్ళాలి?" అని అడుగుతారు. ఆ ఆర్కిటెక్చర్ కాలేజీలో ఆయన దగ్గర చదివిన ప్రతివాళ్ళూ విన్న ప్రశ్నే అది. చాలామంది గుమ్మం మీద వేలు పెట్టి చూపించి, బతుకుజీవుడా అని బయటపడేవారు.

ఏటా ఆఖరి సంవత్సరం వాళ్ళలో ఒక్కరినే ఆయన తన సొంత ఆఫీసులో శిక్షణకి తీసుకుంటారు. ఆ ఏడాది ఇద్దరు మిగిలారు: త్రివేణి, కరుణాకర్. అంతా ముందే తేలిపోయిందని త్రివేణి నమ్మకం. మాస్టారి స్కూటరు సీటుని కరుణాకర్ చేతిరుమాలుతో తుడవడం ఆమె కళ్ళారా చూసింది. తుడిచింది వాన నీళ్ళే కావచ్చు. అనుమానానికి ఆ మాత్రం చాలు.

ఇక లాభం లేదని ఒకరోజు తిన్నగా ఆయన గదికే వెళ్ళింది.

"మాస్టారూ, నేనీ వృత్తికి పనికొస్తానా, రానా? ఉన్నమాట చెప్పండి."

"అసలు నీకీ పిచ్చి ఎక్కడ పట్టుకుంది?" అన్నారాయన.

ఇదీ పరీక్షేననుకుని, త్రివేణి జాగ్రత్తగా జవాబు చెప్పింది. హాస్టల్ గది గోడ నిండా తను అంటించుకున్న ఫొటోల గురించి, జపాన్‌లో కాంక్రీటు ఇళ్ళ గురించి, మెక్సికోలో రంగు గోడల గురించి, అలాంటివి మన ఊళ్ళలో కట్టాలన్న తన ఆశ గురించి. ఆయన అంతా విన్నారు.

"వీటిలో నువ్వు అడుగుపెట్టింది ఏదమ్మా?"

"ఏదీ లేదు." మళ్ళీ తనే, ఒప్పుకోలేక ఒప్పుకుంటున్నట్టు అంది. "చిన్నప్పుడు ఒక రైల్వేస్టేషన్లో వెయిటింగ్ రూము. మండుటెండలోంచి లోపలికి వెళ్ళగానే ఒళ్ళంతా చల్లబడింది. రైలొచ్చినా బయటికి రానని ఏడ్చానట."

అన్నాక నాలుక కరుచుకుంది. జపాన్ చెప్పిన నోటితో వెయిటింగ్ రూము చెప్పాలా? మాస్టారి ముఖంలో ఏమీ కనిపించలేదు.

"రేపు మైదానంలో, నువ్వు ప్లాను గీసిన గ్రంథాలయానికి ముగ్గు పోయమ్మా," అన్నారాయన. "పునాది తవ్వబోయే ముందు మేస్త్రీలు పోసినట్టు. అసలు కొలతకే."

"ఎందుకు మాస్టారూ?"

"పోశాక మాట్లాడుకుందాం."

నలుగురిలో తన తప్పు బయటపెట్టడానికే ఈ ఎత్తు అని త్రివేణికి అర్థమైపోయింది. మర్నాడు పొద్దున్నే టేపు పట్టుకుని దిగింది. ప్రతి మూలా కొలిచింది, ఐమూలగా మళ్ళీ కొలిచింది. చెప్పులు విప్పేసి, నడుం వంచి, తాడు వెంబడే ముగ్గు పోసుకుంటూ పోయింది. మాస్టారు షెడ్డు నీడలో పేపరు చదువుకుంటున్నారు. పేపరు పైనుంచి తననే చూస్తున్నారని ఆమె అనుమానం.

ఎండ ముదిరే వేళకి గ్రంథాలయం నేల మీద తెల్లగా తేలింది. అప్పుడొచ్చాడు కరుణాకర్. గీత దగ్గర ఆగాడు. దాని వెంటే నడిచి, గుమ్మానికని ఆమె వదిలిన ఖాళీలోంచి లోపలికొచ్చాడు. వరండా దాటి, మలుపు తిరిగి, చదువుకునే గదిలో కిటికీ పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

అవతలి కొసన, ముగ్గు మెట్ల దగ్గరున్న త్రివేణికి ఒళ్ళు మండిపోయింది. అడ్డంగా పరిగెత్తుకొచ్చింది.

"ఏమిట్రా, కొలతలు ఎత్తుకుపోతున్నావా? మాస్టారు పంపారా నిన్ను?"

"ఆయనెందుకు పంపుతారు? ఇక్కడ కూర్చుంటే ఏం కనిపిస్తుందో చూద్దామని వచ్చాను. సైకిల్ స్టాండు కనిపిస్తోంది తల్లీ! నీ పాఠకుడు పుస్తకం మూసేసి, సైకిలు ఉందా పోయిందా అని చూసుకుంటూ కూర్చుంటాడు."

"నీ సలహా ఎవరడిగారు?"

"సరేలే, పోతున్నా." లేచి దులుపుకుని, మలుపు తిరిగి, వరండా దాటి, గుమ్మంలోంచే వెళ్ళిపోయాడు. ఆ చుట్టుతిరుగుడు కూడా తనని వెక్కిరించడానికే అనుకుంది త్రివేణి.

మాస్టారు పేపరు మడిచి వచ్చారు. ఆయనా గుమ్మంలోంచే వచ్చారు.

"మూలలన్నీ సరిచూశాను మాస్టారూ," అంది ఆయన నోరు విప్పకముందే. "తప్పుంటే చూపించండి."

"కొలతలకేం, బాగానే ఉంటాయి. నువ్వీ గదిలోకి ఎటునుంచి వచ్చావు?"

గుమ్మం చూపించడానికి త్రివేణి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. మెట్ల దగ్గర్నుంచి తను నిలబడ్డ చోటుదాకా అడ్డం వచ్చిన గోడలన్నీ చెదిరిపోయి ఉన్నాయి. ఆమె పాదాలు తెల్లగా ఉన్నాయి.

"ఉత్త ముగ్గే కదా మాస్టారూ," అంది.

"కరుణాకర్‌కి గోడే అయింది మరి." ఆయన కళ్ళజోడు సర్దుకుని, వచ్చిన దారినే బయల్దేరి, గుమ్మం దగ్గర ఆగారు. "రైలొచ్చినా బయటికి రానన్న పిల్ల ఎక్కడుందో చూడమ్మా. దొరికితే సోమవారం ఆఫీసుకి వెంటబెట్టుకుని రా."