కుండలో కట్టిన మోచేయి

ఎముకలు కట్టే చెంచురామయ్యగారికి ఒక అలవాటుండేది. చెయ్యి విరిగి వచ్చినవాణ్ణి నొప్పి ఎక్కడని అడిగేవాడు కాదు. ఏం పని చేస్తావని అడిగేవాడు. నొప్పి సంగతి ఆయన అడగాల్సిన అవసరమే లేదు. మనిషి సందు మలుపులో ఉండగానే అడుగుల చప్పుడు విని ఏ మోకాలి చిప్ప అరిగిందో చెప్పేవాడు. పొరుగింట్లో మంచం విరిగితే గోడ ఇవతల కూర్చునే ఏ కోడు విరిగిందో చెప్పాడని ప్రమాణం చేసేవాళ్లు ఆ ఊళ్లో ఇప్పటికీ నలభైమంది ఉన్నారు. వాళ్లలో సగంమంది అప్పటికి పుట్టనైనా లేదు.

శిష్యుడు సుదర్శనానికి మాత్రం ఈ అలవాటు మింగుడు పడలేదు. అతడూ తక్కువవాడు కాదు. కపాలం దగ్గర మొదలుపెట్టి కాలివేలి కొస దాకా రెండువందల ఆరు ఎముకల పేర్లూ ఊపిరి మార్చకుండా అప్పజెప్పగలడు. కావాలంటే కిందినుంచి పైకి కూడా.

"అయ్యవారూ, రాజుకైనా కూలికైనా ఎముకలు అవే కదా. వాళ్లు ఏం చేసి బతికితే మనకెందుకు?" అని ఒక ఉదయం అడిగేశాడు.

గురువు జవాబు చెప్పేలోపు వాకిట్లో బండి ఆగింది. కుమ్మరి ఓబులేసును భార్య నాగులమ్మ పట్టుకుని దింపింది. మన్ను తవ్వుతుంటే గట్టు విరిగి మీద పడి, అతడి ఎడమ మోచేయి నుగ్గయింది. గురువు రెండు వేళ్లతో తడిమి కళ్లు మూసుకున్నాడు.

"ఎముకలు అతుక్కుంటాయి. కీలు మాత్రం ఇక ఆడదు. ఏ వంపున కడితే జన్మంతా అదే వంపు," అన్నాడు. ఆ రోజు ఎందుకో ఏం పని చేస్తావని అడగలేదు. శిష్యుడి వైపు తిరిగి, "నువ్వు కట్టు," అన్నాడు.

ఆ మాట కోసం సుదర్శనం మూడేళ్లు కాచుకున్నాడు. "భుజాస్థి, రత్ని, అరత్ని," అని చేతి ఎముకల పేర్లు గొణుక్కుంటూ చేతిని మూలమట్టం పెట్టినట్టు మడిచాడు. "ఇలా కడితే, తల కాస్త వంచితే చాలు, చెయ్యి నోటికందుతుంది," అని వివరించాడు.

"అన్నం కుడిచేత్తో గదయ్యా తినేది," అంది నాగులమ్మ. "మీ ఇంట్లో ఎడమచేత్తో తింటారేమో నాకు తెల్వదు."

ఓబులేసు నవ్వలేదు. మడిచిన చేతికేసి చూస్తూ, "సామీ, ఈ చెయ్యి కుండలోకి పోతాదా?" అని అడిగాడు.

సుదర్శనం చేతిలో గుడ్డ ఆగిపోయింది. కుండ చరిచేటప్పుడు ఎడమచేయి లోపల గుండ్రాయి ఆనించాలి, కుడిచేయి బయటినుంచి చెక్కతో కొట్టాలి. లోపలి చెయ్యి లేకపోతే కుండ లేదు. కుండ లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి లేదు.

గురువు లేచి తన తాగునీటి కుండ తెచ్చి, నీళ్లు బంతిమొక్కలకు పోసి, ఓబులేసు ఒళ్లో పెట్టాడు. విరిగిన చేతికి తన అరచెయ్యి ఊతమిచ్చి మెల్లగా లోపలికి దించాడు. ఓబులేసు పళ్లు బిగబట్టాడు. మోచెయ్యి దాదాపు చాచుకుని, కొద్దిగా వంగి, ఒకచోట ఆగింది.

"అడుగు అందిందా?"

"అందింది సామీ."

"పక్కలు?"

"అవీ అందుతాండాయి."

"ఇప్పుడు కట్టు," అన్నాడు గురువు.

సుదర్శనం గుడ్డుసొన పూసిన గుడ్డ చుట్టి, వెదురు బద్దల కొసలు కుండలోకి దూర్చి, ఏనుగు తొక్కినా జారనంత బిగువుగా కట్టాడు. మరీ బాగా కట్టాడు. కట్టుతో లావెక్కిన చెయ్యి కుండ మూతిలోంచి బయటికి రానంది.

గురువు తన కుండను తానే రోకలితో పగలగొట్టాడు. ముప్ఫై ఏళ్ల కుండ అది. దాన్లో నీళ్లు తాగితే జ్వరం పొలిమేర దాటేదాకా వెనక్కి చూసేది కాదట.

ఓబులేసు పెంకులకేసి చూశాడు. పొద్దుటినుంచి మొదటిసారి అతడి మొహం తేటపడింది. "కట్టు విప్పినాక మీకు కొత్తది నేనే చేసిస్తా సామీ. మూతి కొంచెం పెద్దది పెడతా."

బండి వెళ్లిపోయింది. పెంకులు ఏరుతున్న సుదర్శనం అరచేతిలో గురువు ఒక పెంకు పెట్టాడు.

"ఓబులేసుకు ఎముకలెన్నిరా?"

"రెండువందల ఆరు, అయ్యవారూ."

"దీన్ని కలుపుకునే చెప్పావా?" అన్నాడు గురువు.