దూరం చెప్పే పిట్ట

అనగనగా ఒక అడవిలో, నిలువెత్తు గడ్డి పెరిగే ఒక కొండవాలు మీద, చుక్కమ్మ అనే ఆడ చిరుతపులి ఉండేది. ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడి పేరు తుంటరి. పేరుకు తగ్గట్టే ఒక్కచోట కుదురుగా కూర్చునేవాడు కాదు. చిన్నదాని పేరు గురివి. అది ఎప్పుడూ అన్న తోక పట్టుకునే తిరిగేది.

చుక్కమ్మ బతుకంతా ఒక్క గెంతులో ఉండేది. చిరుతలు తోడేళ్లలాగా పొద్దస్తమానం తరమలేవు. పొదలో నక్కి, చప్పుడు కాకుండా పాకి, సరైన దూరం చూసుకుని ఒక్కసారే దూకుతాయి. దూరం తప్పిందా, ఆ పూటకు పస్తే.

అలాంటి చుక్కమ్మకు ఒకరోజు ముళ్లపందితో గొడవైంది. ముల్లు వచ్చి కుడికంట్లో దిగింది. గాయం మానింది గాని కన్ను పోయింది. ఒంటికన్నుకు జింక కనిపిస్తుంది, అది ఎంత దూరంలో ఉందో మాత్రం తెలియదు. నమ్మకపోతే మీరూ ఒక కన్ను మూసుకుని సూదిలోకి దారం ఎక్కించి చూడండి. వేలికి గుచ్చుకుందని మాత్రం నా దగ్గరికి ఏడుస్తూ రాకండి.

అప్పట్నుంచి చుక్కమ్మ ఎప్పుడు దూకినా జింకకు ఇవతలే పడేది, లేకపోతే అవతల పడేది. పిల్లల పొట్టలు వెన్నుకు అంటుకుపోయాయి. ఇక లాభం లేదని, "నాకు దూరం చెప్పి వేట ఆడించేవాళ్లు కావాలి" అని అడవంతా చాటించింది.

ముందుగా గద్ద వచ్చింది.

"ఆకాశం నుంచి కుందేలు చెవి కదిలినా నాకు తెలుస్తుంది. నా మాటకు తిరుగుండదు. కాని ప్రతి వేటలో ఒక వెనక తొడ నాది" అంది.

"తొడ నీకిస్తే నా పిల్లలకు ఏం మిగులుతుందయ్యా?" అని అడిగింది చుక్కమ్మ.

"అది నువ్వు చూసుకోవాలి" అని గద్ద ఎగిరిపోయింది.

తర్వాత ఒక ముసలి కాకి వచ్చింది.

"నాకు తొడలూ అవీ వద్దమ్మా. కార్జం ముక్క పెడితే చాలు. కాని ముందు నన్ను పరీక్షించు. ఎత్తు గడ్డిలో ఒకసారి, వాలులో ఒకసారి, వెలుగు తగ్గాక ఒకసారి. నీ గెంతు ఎంతో నేనూ చూసుకోవాలి. అవన్నీ అయ్యాకే పనిలో చేరతాను" అంది.

కార్జం అంటే పిల్లలిద్దరూ పడి చచ్చేవారు. దాని కోసమే కొట్టుకునేవారు. చుక్కమ్మకు మనసొప్పలేదు. పైగా కడుపు కాలుతుంటే ఈ పరీక్షలేమిటి, ఈ ముసలాయనకు చాదస్తం కాకపోతే అనుకుంది.

"ఆలోచించుకుని చెబుతాలే బాబాయ్" అంది.

చివరికి గోరింక వచ్చింది. ముక్కు పసుపు, మాట తేనె.

"అక్కా, మన మధ్య బేరాలేమిటి? నీ వీపు మీద పిడుదులు ఏరుకు తింటాను. అదే నాకు పదివేలు" అంది.

చుక్కమ్మ ముఖం వెలిగిపోయింది. తక్కువలో వచ్చేదాన్ని చూస్తే మనకు మాత్రం వెలగదా? మన ఇళ్లలోనూ అంతే కదా! అయినా పేరుకు ఒక పరీక్ష పెట్టింది. గడ్డి పోచ కూడా లేని బండ మీద, మిట్టమధ్యాహ్నం ఎండలో ఒక గెంతు వేసి చూపించి, "ఆ ఎర్రరాయి ఎంత దూరం?" అని అడిగింది.

"మూడు గెంతులు" అంది గోరింక.

చుక్కమ్మ మూడు గెంతులు వేసింది. ఎర్రరాయి సరిగ్గా కాళ్ల కింద ఉంది.

"పిల్లలూ, ఇదిగో మీ పిన్ని! ఇకమీదట పిన్ని ఎంత చెబితే అంత దూరం!" అని పిల్లలకు చెప్పింది.

చుక్కమ్మ ఏనాడైనా బోడిబండ మీద, మిట్టమధ్యాహ్నం వేటాడిందా? లేదు. ఆ సంగతి ఆమెకు గుర్తు రాలేదు.

మర్నాడు ఎత్తు గడ్డిలో ఒక దుప్పి మేస్తోంది. చుక్కమ్మ పాకుతూ వెళ్లి, "ఎంత?" అని గుసగుసగా అడిగింది.

"రెండు గెంతులు" అంది గోరింక.

చుక్కమ్మ రెండు గెంతులు వేసింది. ఉత్త గడ్డిలో పడింది. దుప్పి ఇంకా అంత దూరాన నిలబడి ఉంది. అది ఒక్క కేక పెట్టి పారిపోయింది.

"ముందున్న గడ్డి కదిలిందక్కా. దుప్పి అక్కడే ఉందనుకున్నాను" అని గోరింక బిక్కముఖం వేసింది.

పాపం, అది పుట్టిందీ పెరిగిందీ గేదెలు మేసే బయలులో. ఎత్తు గడ్డి లోపలికి చూసే పని దానికెప్పుడూ పడలేదు. ఆ పూట పిల్లలు మిడతలు తిని పడుకున్నారు.

రెండోసారి పొద్దు వాలేవేళ వాలు కింద ఒక అడవిపంది కనిపించింది. "ఒక్క గెంతే" అంది గోరింక. చుక్కమ్మ పై నుంచి దూకింది. వాలులో లెక్క తప్పి పంది వీపు మీద పడాల్సింది దాని ముందు పడింది. పంది ఒక్క ఉదుటున వచ్చి కోరతో భుజం చీల్చేసింది. చుక్కమ్మ రక్తం ఓడుతూ, ముందుకాలు ఈడ్చుకుంటూ గుహ చేరింది.

ఆ సంగతి తెలిసి కాకి గుహ ముందుకొచ్చి వాలింది. దెప్పలేదు. నవ్వలేదు.

"నా మాట ఇంకా అలాగే ఉందమ్మా. గాయం కాస్త మానగానే పరీక్ష పెట్టుకుందామా?" అని అడిగింది.

చుక్కమ్మకు ముఖం చెల్లలేదు. ఒకసారి కాదన్న వాణ్ణి మళ్లీ పిలవాలంటే నామోషీ. కార్జం మీద ఆశ కూడా పోలేదు.

"ఇది కొత్త కదా బాబాయ్. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది" అంది.

కాకి తల వంచుకుని వెళ్లిపోయింది. అప్పుడైనా ఆమె పిలిచి ఉంటే ఈ కథ నేను ఇంకోలా చెప్పేదాన్ని. నాకూ అదే ఇష్టం.

చుక్కమ్మ లేవలేకపోయింది. గుహలో తిండి లేదు. గురివి ఏడవడం కూడా మానేసి, తల్లి పొట్ట దగ్గర ముడుచుకుని పడుకుంది. తుంటరి చెల్లెల్ని నాకాడు. అది కళ్లు తెరవలేదు.

"పిన్నీ, రా. చెల్లికి ఏదైనా తెద్దాం" అన్నాడు.

తల్లి కునుకు తీస్తుండగా ఇద్దరూ బయటికి వెళ్లారు. కొంత దూరంలో ఒక లోయ అంచు ఉంది. అవతలి అంచు మీద ఒక అడవికోడి గింజలు ఏరుకుంటోంది. మధ్యలో లోయ మీద తీగలు దట్టంగా అల్లుకుని, చూడటానికి నేలలాగే ఉంది.

"పిన్నీ, ఆ కోడి ఎంత దూరం?"

"ఒక్క గెంతు" అంది గోరింక.

ఈసారి గోరింక చెప్పింది నిజమే. కాని అది చుక్కమ్మ గెంతు. దానికి తెలిసిన గెంతు అదొక్కటే. తుంటరిది పసిగెంతు, తల్లి గెంతులో సగం కూడా ఉండదు. ఎవరి గెంతు అని వాడు అడగలేదు. పిన్ని ఎంత చెబితే అంత దూరమని వాళ్లమ్మే కదా చెప్పింది!

వాడు తోక ఆడించి, ఒళ్లంతా కూడదీసుకుని దూకాడు. సగం దూరంలో తీగల మీద పడ్డాడు. తీగలు విడిపోయాయి.

గోరింక అరుపులకు చుక్కమ్మ లేచింది. కుంటుతూ, పడుతూ లోయ అంచుకు వచ్చింది. "తుంటరీ!" అని పిలిచింది. మళ్లీ పిలిచింది. ఆ పిలుపు వింటే రాయి కూడా కరిగేది.

"నేను అబద్ధం చెప్పలేదక్కా! చెప్పలేదక్కా!" అని గోరింక కొమ్మ మీద వణుకుతూ ఏడ్చింది.

"నువ్వు చెప్పలేదమ్మా. నేనే చూసుకోలేదు" అంది చుక్కమ్మ.

కాకి ఎక్కడి నుంచి విందో, వచ్చింది. నేరుగా లోయలోకి దిగింది. చాలాసేపటికి పైకి వచ్చింది.

"బాబాయ్, నా కొడుకు ఎంత లోతులో ఉన్నాడు?"

కాకి నిజమే చెప్పింది.

"చాలా లోతమ్మా. వాడికి ఊపిరి లేదు. నువ్వు ఎలాగోలా దిగగలవు. ఆ భుజంతో మళ్లీ ఎక్కి రాలేవు. గుహలో గురివి ఒక్కతే ఉంది."

చుక్కమ్మ లోయలోకి చూసింది. వెనక్కి తిరిగి గుహ వైపు చూసింది. బిడ్డను ఒక్కసారి నాకి కూడా రాలేని తల్లి దుఃఖం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. పొద్దు వాలేదాకా ఆ అంచునే పడుకుని ఏడ్చింది. తర్వాత లేచి, ఒక్కో అడుగూ వేసుకుంటూ గుహకు నడిచింది.

దారిలో కాకి తాను ఒక చెట్టు తొర్రలో దాచుకున్న ఒక మాంసం ముక్కను తెచ్చి ఆమె ముందు పడేసింది. చుక్కమ్మ దాన్ని నోట కరచుకుని వెళ్లి, నమిలి, గురివి నోట్లో పెట్టింది. గురివి మెల్లగా కళ్లు తెరిచింది. పక్కన తడుముకుంది.

"అమ్మా, అన్న ఏడీ? చాలా దూరం వెళ్లాడా?" అని అడిగింది.

చుక్కమ్మ కూతుర్ని గుండెకు పొదువుకుంది.

నీతి: తక్కువలో దొరికినదాన్ని తీసుకోవడం తప్పు కాదు, పని జరిగే చోట దాన్ని పరీక్షించకపోవడం, తప్పని తెలిశాక కూడా నామోషీ పడి మార్చకపోవడం తప్పు. ఆ తప్పుకు మూల్యం మనకంటే ముందు మనల్ని నమ్మినవాళ్లు చెల్లిస్తారు.