పుర్రచేతి సమురాయ్

అనగనగా ఒక ఊరుందిట. మనూరు కాదులే, సముద్రాలవతల జపాను దేశంలో, కొండ మీద కోట ఉన్న ఊరు. ఆ కోటని ఏలేవాళ్ళు కురోసె దొరలు. కత్తి పట్టడమే వాళ్ళ పని. అలాంటివాళ్ళని అక్కడ సమురాయ్‌లంటారు.

ఆ ఇంటి కుర్రదొర పేరు తదసుకే. వాడిది పుర్రచేతి వాటం. అదిగో, నవ్వుతున్నావు! అచ్చం నీలాగేనే, అన్నం కూడా ఎడంచేత్తోనే. వాళ్ళ నాన్న మాన్పించాలని చూసీ చూసీ విసుగొచ్చి వదిలేశాడు.

తదసుకేకి ఒక చెల్లెలుంది, సయో అని. ఆ పిల్లంటే వాడికి ప్రాణం. కానీ ఆ పిల్ల ఇంట్లో లేదు. ఎందుకంటావా? పక్క లోయని ఏలే ముసలి మినాబె దొరతో వీళ్ళకి తాతల నాటి పగ. పగ ఉన్న ఇళ్ళవాళ్ళు కొట్టుకోకుండా ఉండటానికి, ఒకరి బిడ్డ ఇంకొకరి కోటలో పెరగాలని అక్కడ పద్ధతి. అలా సయోని పాలు మరవగానే అక్కడ దింపేశారు. పాడు పద్ధతి!

అంతలో వాళ్ళ నాన్న పోయాడు. అప్పుడు మినాబె దొర కబురంపాడు. "మీ నాన్ననెరుగుదును, నిన్నెరగను. వచ్చి నా ఎదుట కూర్చుని, టీ తాగి, మాటివ్వు. నమ్మకం కుదిరితే నీ చెల్లెల్ని తీసుకుపో. కుదరకపోతే ఇంక యుద్ధమే." మంచు పడితే కొండదారి మూసుకుపోతుంది. ఆ లోపే తేలాలి.

తదసుకే ఎగురుకుంటూ వెళ్ళాడు.

ఇక్కడ ఒకటి చెప్పాలి నీకు. సమురాయ్ ఎవరింటికైనా వెళ్ళినా, తనింటికి ఎవరైనా వచ్చినా, నడుముకున్న పెద్ద కత్తి తీసి కుడిపక్కన పెట్టుకుని కూర్చోవాలి. కుడిపక్కనుంటే కుడిచేత్తో చటుక్కున దూయలేరు కదా! నీకు హాని తలపెట్టనని చెప్పకనే చెప్పడమన్నమాట. ఎడమపక్కన పెట్టుకున్నాడా, తగువుకొచ్చినట్టే లెక్క.

మరి మనవాడు దూసేది ఎడంచేత్తో, వాడికి చటుక్కున అందనిది ఎడమపక్కే. అందుకని ఇంట్లో అలవాటైనట్టే, బుద్ధిగా, ఎడమపక్కన పెట్టుకున్నాడు. అంతే! దొర మనుషులు గయ్యిమని లేచారు. "ఎంత పొగరు!" అంటూ బయటికి గెంటేశారు. తనేం తప్పు చేశాడో పాపం సగం దారి వచ్చాకగాని వాడికి తట్టలేదు.

ఆ తర్వాత మళ్ళీ వెళ్ళాడు. ఈసారి కుడిపక్కనే పెట్టాడు. అందరూ చల్లబడ్డారు. తెర చాటునుంచి సయో తొంగిచూసి నవ్వింది. చెల్లెల్ని చూసిన సంబరంలో వీడు టీ గిన్నె ఎడంచేత్తో అందుకున్నాడు. "అమ్మో, వీడిది పుర్రచేతి వాటం! కత్తి అందేవైపే పెట్టుకున్నాడు!" అని ఒకడు కేకేశాడు. మళ్ళీ గెంటేశారు. వెనకనుంచి సయో "అన్నయ్యా!" అని ఏడుస్తుంటే వాడు తిరిగి తిరిగి చూసుకుంటూ వెళ్ళాడు.

అప్పుడు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. అటు పెడితే పొగరంటారు, ఇటు పెడితే మోసమంటారు. ఎటని పెట్టేది? తెల్లారి చూస్తే కొండ కొనన తెల్లగా మంచు కనబడింది. ఇంక ఆగలేక గుర్రమెక్కేశాడు.

"ఇవాళ ఏ పక్కన పెడతావయ్యా?" అన్నాడు మినాబె దొర, ఎకసెక్కంగా.

"ఏ పక్కనా పెట్టనండి. మా చెల్లెల్ని పిలిపించండి," అన్నాడు తదసుకే.

సయో వచ్చింది. వాడు కత్తి తీసి ఆ పిల్ల చేతుల్లో పెట్టాడు. సమురాయ్‌కి కత్తి వదలడమంటే ప్రాణం వదలడమేనే తల్లీ! చుట్టూ పగవాళ్ళు, వాడి చేతిలో పూచికపుల్ల లేదు. అయినా కదలకుండా కూర్చున్నాడు.

సయో ఆ కత్తిని కావలించుకుని ముసలి దొరకేసి చూసింది. ఎత్తుకుని పెంచినవాడు కదా, ఆయనంటే దానికి బెరుకు లేదు.

"తాతగారూ, మరి మీ కత్తి ఎడమపక్కనుందేం?" అంది.

అందరూ అటు చూశారు. నిజమే! ఆయనది కుడిచేతి వాటం, కత్తేమో ఎడమపక్కన, దూయడానికి సిద్ధంగా ఉంది. మూడుసార్లూ అక్కడే ఉంది. కుర్రాడి చేతులవంకే చూశారుగాని, పెద్దాయన వంక ఎవరు చూశారు?

ముసలాయన మొహం కందగడ్డయింది. ఆ తర్వాత నవ్వేశాడు. "నీకంటే నాకే భయం ఎక్కువైందయ్యా," అని, తన కత్తి కూడా తీసి సయో చేతుల్లో పెట్టాడు.

ఆ పిల్ల రెండు కత్తులూ మోయలేక తూలిపోతూ, "అబ్బా, ఎంత బరువో! రోజూ ఎలా మోస్తున్నారు మీరు?" అంది. దాంతో పగవాళ్ళందరూ పకపకా నవ్వేశారు.

అప్పుడు టీ తాగారు. ఇకమీదట ఏ ఇంటి బిడ్డనీ ఇంకో ఇంట ఉంచక్కర్లేదని మాటిచ్చుకున్నారు. మినాబె దొర గుమ్మందాకా వచ్చి, సయోకి శాలువా కప్పి, "అప్పుడప్పుడూ వస్తూండవే," అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. బయట మంచు రాలుతోంది. ఏ చేతిని చూసి కోటంతా వణికిందో, ఆ ఎడంచేత్తోనే తదసుకే చెల్లెల్ని గుర్రం మీదికి ఎత్తుకున్నాడు.

ఏదీ, నీ పుర్రచెయ్యి ఇటివ్వు, పట్టుకుంటాను. ఇంక కళ్ళు మూసుకో.

కత్తులేమో ఒరకి, చెల్లెలేమో ఇంటికి,
కథేమో కంచికి, కునుకేమో కంటికి!